కోయించుకోకండి, కరిగించుకోండి!

పిత్తాశయంలో రాళ్ళున్నాయని తెలియగానే ఆపరేషన్‌కి పరిగెత్తేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. అంత తొందరేమిటండీ? ఒంట్లో రాయి ఉండడం ఎంత అదృష్టమో తెలియక కోయించుకుంటారు. అంతటితో ఆగక వాటిని సీసాలో పెట్టి ఇంటికి తెచ్చుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. లోపలి సొత్తు లోపల ఉంటేనే మర్యాద!

నన్ను చూడండి. "నాలుగు రాళ్ళు వెనకేసుకోవడం నీకు చేతకాదు" అని మా ఆయన కాపురం చేసినన్నాళ్ళూ అంటూనే ఉండేవారు. ఆయన పోయిన ఆరేళ్ళకి మూడు రాళ్ళు వెనకేశాను. అదీ ఎవరి సాయమూ లేకుండా! వాటిలో పెద్దది పద్నాలుగు మిల్లీమీటర్లు. వెనక కాదు, కుడి డొక్క కింద. ఎక్కడైతేనేం, కూడబెట్టడం కూడబెట్టడమే కదా?

ఈ మూడింటితో ఎనిమిది నెలలు కాపురం చేశాను. కత్తి తగలనివ్వలేదు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, మధ్యలో ఉడకబెట్టిన కూరలు. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇంటికి ఒక్కరైనా రాళ్ళున్న మనిషి ఉండి తీరాలి. ఇంటిల్లిపాదికీ అంత సుఖం ఇంకే జబ్బూ ఇవ్వదు.

మొదట్లో అవి రాళ్ళని మాకు తెలియదు. గ్యాస్ అనుకున్నాం. మనిషి ఛాతీకీ మోకాలికీ మధ్య ఎక్కడ నొప్పొచ్చినా గ్యాసే కదా! డొక్కలో మొదలై వీపులోకి పాకి, కుడి భుజం దాకా వెళ్ళి కూర్చునేది. ఒళ్ళంతా చెమటలు. "గ్యాసమ్మా, కాసేపు అటూ ఇటూ నడు" అనేవాడు మా అబ్బాయి, సాక్స్ వేసుకుంటూ. నడిచేదాన్ని. నడుస్తూ నడుస్తూ వాడి టిఫిన్ డబ్బా కూడా కట్టేదాన్ని. చూశారా, నొప్పి మనిషిని ఎంత చురుగ్గా ఉంచుతుందో!

మూడు నెలలు అలా నడిచాక, ఒకరోజు వంటింట్లో నేల మీద కూలబడ్డాను. ఆ పూట స్కానింగ్ తీయించారు. గ్యాస్ కాస్తా గట్టిపడి రాయైందని తేలింది.

రిపోర్టు పట్టుకుని సర్జన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నా పక్కన మా అబ్బాయి, వాడి పక్కన కోడలు. డాక్టరమ్మ నా వైపు చూడలేదు. రాళ్ళు మా వాడికే ఉన్నట్టు వాడితోనే మాట్లాడింది, అదీ సగం ఇంగ్లీషులో.

"ఆపరేషన్ చేయించేద్దాం. చిన్నదే. రెండో రోజు ఇంటికి పంపించేస్తాం" అంది. మా వాడు తలూపాడు. కోడలూ తలూపింది. ఇద్దరూ మంచి పిల్లలు, అబద్ధమెందుకు చెప్పాలి?

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆవిడ ఒక్క మాట ఎక్కువ చెప్పింది. "తర్వాత నెల రోజులు మాత్రం బరువులు ఎత్తకూడదు."

ఊగుతున్న రెండు తలలూ టక్కున ఆగిపోయాయి.

మా ఇంట్లో బరువులు రెండు. ఒకటి పదమూడు కిలోలు, రెండోది పన్నెండున్నర. మూడేళ్ళ కవలలు. మేముండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పొద్దున్నే ఆ రెండు బరువుల్నీ ఒకదాని తర్వాత ఒకటి కిందికి దింపి, ప్లేస్కూల్లో అప్పజెప్పి, మధ్యాహ్నం మళ్ళీ పైకెక్కించే క్రేన్ ఒకటి మా ఇంట్లో ఉంది. దాన్ని అందరూ నానమ్మ అంటారు.

"మందులతో కరగవా డాక్టర్?" అన్నాడు మా వాడు. తలనొప్పి మాత్ర వేసుకోమన్నా "ఆ కెమికల్స్ ఎందుకు" అనే మనిషి! ఆ ఒక్క నిమిషంలో వాడికి మందుల మీద అంత భక్తి ఎలా పుట్టుకొచ్చిందో, నాకే ముచ్చటేసింది.

డాక్టరమ్మ ఇంగ్లీషులో పెద్ద సమాధానమే చెప్పింది. అందులో నాకు అందినవి రెండే రెండు తెలుగు మాటలు. "కొందరికి" అని ఒకటి, "కరుగుతాయి" అని ఇంకొకటి. మా వాడికి రెండోది ఒక్కటే అందినట్టుంది.

బయట బల్ల దగ్గర డాక్టరమ్మ అసిస్టెంటు ఒక కాగితం మీద తెలుగులోనే అన్నీ రాసిచ్చాడు. మా వాడు వరండాలో నిలబడి నాకు చదివి వినిపించాడు. "కొవ్వు పదార్థాలు మానేయాలి. నొప్పొస్తే ఈ మాత్ర. వీలైనప్పుడు ఆపరేషన్. విన్నావా అమ్మా? వీలైనప్పుడే అంది. కంగారేం లేదు."

వాడు చదివితే ఇంక తిరుగేముంది? వాడి ఉద్యోగమే కాగితాలు చదవడం. ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాడు. జనం పెట్టుకున్న అర్జీలో ఒక్క అక్షరం తేడా వచ్చినా తిప్పికొట్టేస్తాడని వాడికి అక్కడ పేరుంది.

కాగితం వెళ్ళి బీరువాలో ఫైల్లో పడుకుంది. వారం తిరక్కుండా మా వాడు ఇంకో డాక్టర్ దగ్గర్నుంచి రాళ్ళు కరిగించే మాత్రలు రాయించుకొచ్చాడు. ఆ డాక్టర్ ఎంత గొప్పవాడంటే నన్ను చూడకుండానే రాసేశాడు! చూసి వైద్యం చేయడం ఎవరికైనా వస్తుందండీ. చూడకుండా చేయడంలో ఉంది విద్య.

ఇంక డైట్ సంగతి. కోడలు ఫ్రిజ్ మీద ఒక చార్ట్ అంటించింది. నూనె వద్దు, వెన్న వద్దు, వేపుడు వద్దు, గుడ్డులో పచ్చసొన వద్దు. అవన్నీ నాకే వద్దు సుమండీ. ఇంట్లో మానేయలేదు. వేపుళ్ళు నేనే వేయించేదాన్ని. వేయించి, వాళ్ళ పళ్ళేల్లో వడ్డించి, నేను మాత్రం ఉప్పు నీళ్ళలో ఉడికిన సొరకాయ ముక్కలు ముందేసుకుని కూర్చునేదాన్ని.

"పొయ్యి దగ్గర ఆ వాసనకే వికారం పుడుతోందిరా" అన్నాను ఒకసారి.

"వాసనలో కొవ్వుండదులే అమ్మా" అన్నాడు, కరకరలాడిస్తూ.

ఎంత చదువు, ఎంత చదువు!

కొవ్వు అనే మాటతో మా ఇంట్లో ఇంకో లాభం జరిగింది. వచ్చిన ప్రతి చుట్టానికీ మా చంటివాళ్ళిద్దరూ ఎదురెళ్ళి "మా నానమ్మకి కొవ్వు తగ్గించాలంట" అని చెప్పేవారు. వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వుకుని, అబ్బాయి మొహంలోకి చూసి, సర్దుకుని కూర్చునేవారు. నేనేమైనా విసుక్కుంటే "పైత్యం ఎక్కువైంది పాపం, అందుకే" అనేవారు. పిత్తం చెడ్డ మనిషికి పైత్యం కాక ఇంకేముంటుంది? నలభై ఏళ్ళుగా నోరు మూసుకుని పని చేసిన మనిషి ఒక్కసారి నోరెత్తితే, దానికి స్కానింగ్‌తో సహా సాక్ష్యం దొరికింది. ఇది వాళ్ళకి లాభం కాదూ?

సలహాలైతే చెప్పనే అక్కర్లేదు. కింది వాటాలో రిటైరైన గుమాస్తాగారొకరున్నారు. ఆయనకి ఒకప్పుడు కిడ్నీలో రాయి పడింది. అప్పట్నుంచీ ప్రపంచంలో ఉన్న రాళ్ళన్నీ ఆయన చుట్టాలే.

"రోజుకి ఆరు లీటర్ల నీళ్ళు తాగండి అక్కయ్యగారూ. నాది టప్‌మని పడిపోయింది."

"నాది కిడ్నీలో కాదండీ, పిత్తాశయంలో."

"ఎక్కడైతేనేమండీ? రాయి రాయే!"

ఆయన లెక్కలో మనిషి ఒంట్లో గదులెన్నున్నా డ్రైనేజీ ఒక్కటే. ఆయన మాట కాదనలేక మూడు రోజులు తాగాను. రాయి కదల్లేదు కానీ, నేను మాత్రం ఇల్లూ బాత్రూమూ తప్ప ఇంకో లోకం చూడలేదు.

మా ఆడపడుచు ఫోన్లోనే వైద్యం చేసేది. "వదినా, కోయించుకున్నావంటే నా మీదొట్టే. ఒంట్లో ఒక్క ముక్క తీసినా ఒళ్ళు ఒళ్ళు కాదు. దేవుడు ఊరికే పెట్టాడా అది?" అనేది. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు తీయించారు. పైపళ్ళన్నీ పీకించి కట్టుడు పళ్ళు వేయించుకుంది. అవన్నీ దేవుడు ఊరికే పెట్టినవి కాబోలు.

ఇన్ని లాభాలు చెప్పాను. అసలు లాభం ఇంకా చెప్పలేదు. రాళ్ళ వల్ల నాకు చదువొచ్చింది!

నవ్వకండి. నేను అక్షరాలు దిద్దుకుందే యాభై ఎనిమిదో ఏట. వీధి చివర లైబ్రరీలో మధ్యాహ్నంపూట లైబ్రేరియనమ్మ నేర్పింది. అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుని చదవగలను. ఈ వారపత్రికకి రాసేది కూడా అచ్చు అక్షరాల్లాగే ఒక్కోటీ విడివిడిగా గీసి పంపిస్తాను. కానీ మనుషుల చేతిరాత ఉంది చూశారూ, అది నాకు కొరుకుడు పడేది కాదు. ఒక్కొక్కరి 'న' ఒక్కో రకం. తలకట్లు ఎగిరిపోతాయి, గుడులు కూలిపోతాయి.

ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకు చేతిరాత రాదన్న ధైర్యంతోనే బతుకుతున్నారని మాత్రం అప్పటికి నాకు తెలియదు.

ఫ్రిజ్ మీది చార్ట్ కోడలి చేతిరాత. తను కొరియర్ ఆఫీసులో రోజంతా పార్సిళ్ళ మీద అడ్రసులు రాస్తుంది. అందుకే తన అక్షరాలు కూడా సాయంత్రం బస్సు అందుకోవడానికి పరిగెడుతున్నట్టు ఉంటాయి. మొదటి రోజు ఆ చార్ట్ ముందు నిలబడి ఒక్కో అక్షరమే కూడగట్టుకున్నాను. "పా-లు. మీ-గ-ది తీ-సే-యా-లి."

మీ గది తీసేయాలి! మా ఇంట్లో నాది వంటింటి పక్క చిన్న గది. ఒక మంచం, ఒక కిటికీ, మా ఆయన కుర్చీ. మధ్యాహ్నం దాకా ఆ గదిలోనే కూర్చుని ఏ సామాను ఎక్కడ సర్దుకోవాలా అని ఆలోచించాను. మంచం హాల్లో పడుతుందా? కుర్చీని ఎవరికివ్వాలి? అడగడానికి నోరు రాలేదు. అడిగితే అవునంటారేమోనని భయం.

సాయంత్రం కోడలు వచ్చి పాల గిన్నె మూత తీసి చూసి, "అత్తయ్యా, మీగడ తీయలేదేం?" అంది. అప్పుడు తెలిసింది, పోతున్నది గది కాదు, మీగడ అని. ఆ సంతోషంలో మీగడనేమిటి, పాలు కూడా మానేసేదాన్ని!

అలా రోజుకి నాలుగుసార్లు ఆ చార్ట్ చదివీ చదివీ తన 'డ' ఏదో, 'ది' ఏదో పట్టుకున్నాను. తర్వాత కిరాణా చీటీలు. ఆ తర్వాత ప్లేస్కూలు టీచర్ డైరీలో రాసే ముక్కలు. ఆరు నెలలు తిరిగేసరికి ఎవరి రాత ఇచ్చినా చదివేసే స్థితికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఈలోగా మందులు కూడా బాగా పనిచేస్తున్నాయి. నేను ఆరు కిలోలు తగ్గాను. "సన్నబడి ఎంత బాగున్నారో!" అని చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. రెండో స్కానింగ్‌లో పెద్ద రాయి పద్నాలుగు నుంచి పదిహేను మిల్లీమీటర్లయింది. తిండి నాకు లేదు కానీ, వాటికి ఏ లోటూ రానివ్వలేదు.

నొప్పి నెలకోసారి వచ్చేది కాస్తా వారానికోసారి అయింది. "ఏం తిన్నావు?" అనేవారు. సొరకాయ తిన్నాననేదాన్ని. "ఇంకేదో తినుంటావులే" అనేవారు. డైట్‌లో ఉన్న గొప్పతనం అదేనండీ. నొప్పొస్తే తప్పు రాయిది కాదు, ఆపరేషన్ చేయించనివాళ్ళది అసలే కాదు, నోటిది!

పోయిన వారం ఒకరోజు పొద్దున, మనవరాల్ని చంకనేసుకుని మెట్లు దిగుతున్నాను. రెండో అంతస్తు మలుపులో వచ్చింది నొప్పి. ఎప్పట్లా రాలేదు. కత్తి దింపినట్టు వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి పట్టు వదిలేస్తోందని తెలుస్తూనే ఉంది. ఎలా కూర్చున్నానో తెలియదు, మెట్టు మీద కూలబడి, పిల్లని ఒళ్ళో అదిమిపట్టుకుని, రెండో చేత్తో రెయిలింగ్ ఊచ పట్టుకున్నాను. కింద ఇంకా రెండంతస్తుల మెట్లున్నాయి.

"నానమ్మా, ఆట్లాడుతున్నావా?" అంది అది, నా మొహం చూసి.

"అవునమ్మా" అన్నాను.

నాకేదైనా అయితే పోనీలెమ్మనుకోవచ్చు. అది జారి ఉంటే?

ఆ రోజు పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చి బీరువా తీశాను. ఫైల్లోంచి ఆ కాగితం బయటికి తీశాను. అసిస్టెంటు రాత గుండ్రంగా, ముద్దుగా ఉంది. కోడలి రాతతో పోలిస్తే అచ్చే అనుకోండి. కొవ్వు పదార్థాలు మానేయాలి. ఉంది. నొప్పొస్తే ఈ మాత్ర. ఉంది. ఆ కింద గీత గీసి రాశాడు. "వీలైనంత త్వరగా ఆపరేషన్."

మళ్ళీ చదివాను. వీ-లై-నం-త. నా చదువు మీద నాకే అనుమానం. మీగడని గది అనుకున్నదాన్ని కదా! కాగితం లైబ్రరీకి పట్టుకెళ్ళి లైబ్రేరియనమ్మ చేత చదివించాను. ఆవిడకీ అలాగే వచ్చింది.

'వీలైన' దాకా నా కొడుకు నిజాయితీగానే చదివాడండీ. ఆ తర్వాతే కాస్త దారి తప్పాడు.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతి కాగితం ఆయనే చదివి వినిపించేవారు. విని తలూపేదాన్ని. ఆయన ఎక్కడెక్కడ దారి తప్పారో ఇప్పుడు ఎవరినడగను?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కాగితం మా వాడి ముందు పెట్టాను. "నాన్నా, కళ్ళజోడు కనపడ్డం లేదు. ఇదేమిటో చదివి పెట్టు."

వాడు రెప్ప వేయలేదు. "అదేనమ్మా. కొవ్వు మానేయాలి. నొప్పికి మాత్ర. వీలైనప్పుడు ఆపరేషన్."

"ఆ చివరిది ఇంకోసారి చదువు."

"వీలైనప్పుడు..."

నా వేలు తీసుకెళ్ళి 'నంత' కింద పెట్టాను. "దీన్ని ఏమంటార్రా?"

ముందు కోడలు నోరు విప్పింది. మాట దాచినందుకు సంజాయిషీ చెప్పడానికి కాదు. "అత్తయ్యా! మీకు చేతిరాత చదవడం ఎవరు నేర్పారు?" అంది, దొంగని ఇంట్లోకి ఎవరు రానిచ్చారన్నట్టు.

"నువ్వేనమ్మా" అన్నాను.

"అమ్మా, నీ మంచికే..." అని మొదలుపెట్టాడు మా వాడు. "నెల రోజులు నువ్వు మంచం మీదుంటే పిల్లల్ని ఎవరు..." అని, అక్కడ ఆగిపోయాడు. ఎనిమిది నెలల్లో వాడు పూర్తిగా నిజం చెప్పింది ఆ సగం వాక్యమే.

"రేపు ఆస్పత్రికి వస్తావా, నేనొక్కదాన్నే వెళ్ళనా?" అన్నాను.

తెల్లారి చూడండి తమాషా! ఎనిమిది నెలలు వెతికినా దొరకని వీలు ఒక్క రాత్రిలో దొరికింది. కోడలికి రెండు వారాలు లీవు దొరికింది. మా వాడికి రెండు వారాలు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ప్లేస్కూలు ఆయా ఇంటికొచ్చి పిల్లల్ని తీసుకెళ్తానంది. "అడిగితే ఎప్పుడో వచ్చేదాన్ని కదా" అంది కూడా, పిచ్చిది.

డాక్టరమ్మ కొత్త రిపోర్టు చూసి కుర్చీలో ముందుకి జరిగింది. ఈసారి నా వైపే చూసింది. "మాత్రలకి కరిగే రకం కాదని ఆ రోజే చెప్పాను కదమ్మా! ఇంకొన్నాళ్ళాగితే రాయి జారి నాళానికి అడ్డం పడి ప్రాణం మీదికొచ్చేది. త్వరగా రమ్మని రాసిస్తే ఇన్ని నెలలు ఏం చేస్తున్నారు?"

నేను మా అబ్బాయి వైపు చూశాను. వాడు గోడ మీద అంటించిన కాలేయం బొమ్మని శ్రద్ధగా చూస్తున్నాడు.

"నేనే వద్దన్నానండీ" అన్నాను. "కత్తంటే భయం."

ఇంక ఆవిడ అందుకుంది. "మీలాంటి పెద్దవాళ్ళతో ఇదే గొడవ. పిల్లలు ఎంత మొత్తుకున్నా వినరు. ఎవరో ఏదో చెబితే అది నమ్ముతారు. చదువుకున్న కొడుకున్నాడు, ఆయన మాటైనా వినొద్దూ?"

"ఎంత చెప్పినా వినదండీ" అన్నాడు చదువుకున్న కొడుకు, నిట్టూరుస్తూ.

నేను తల దించుకున్నాను. ఆపరేషన్ కాగితాల మీద సంతకం చేయమంటే, ప్రతి వరసా వేలు పెట్టి చదువుకుని, అక్షరం అక్షరం గీసి చేశాను. అరగంట పట్టింది. నర్సు విసుక్కుంది. విసుక్కోనివ్వండి.

పరాయి మనిషి ముందు కన్నకొడుకుని చిన్నబుచ్చడానికి నాకు నోరు రాలేదండీ. తల్లిని కదా. అందుకని మీ అందరికీ చెబుతున్నాను. సోమవారం పొద్దున డాక్టరమ్మ నా రాళ్ళు తీస్తుంది. వాడి పరువు మాత్రం నేను ఈ వారమే తీసేశాను.